జబూర్ కీర్తనలు ఎవరివి?

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "మీకిష్టమైన విషయం మీద ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. అరగంట అన్నది వారి మాట. మా సంగతి మీకు తెలియనిది కాదు. తీరా మేము ఎన్నుకున్న విషయం వినేసరికి వారు కాస్త తటపటాయించారు. ప్రాచీన హెబ్రూ భక్తి కవిత్వమట! మన సభలో యూదుల కీర్తనల మీద ఉపన్యాసమేమిటని మీలో కూడా కొందరికి అనిపించవచ్చు. కాబట్టి దీనికి కారణమేమిటో ముందుగా మనవి చేస్తాము.

గత సంవత్సరం మా వీధిలో ఒక క్రైస్తవ మాస్టారు కాలం చేశారు. మాకూ ఆయనకూ ముప్ఫై యేండ్ల స్నేహం. రంజాన్‌లో మా ఇంటి నుంచి ఆయనింటికి హలీం వెళ్ళేది, క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి మాకు కేకు వచ్చేది. మట్టికి మేమూ వెళ్ళాము, మా మనవణ్ణి వెంటబెట్టుకుని. వాడు పదో తరగతి. సమాధి దగ్గర పాస్టరుగారు బైబిలు తెరచి తొంభయ్యో కీర్తన చదివారు. మనిషి బ్రతుకు పొద్దున మొలిచి సాయంత్రానికి వాడిపోయే గడ్డి వంటిదని చెప్పే కీర్తన అది. చదివే ముందు "ఇది మోషే ప్రార్థన" అని చెప్పారు. మావాడు మా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు: "దాదా, ఈ పుస్తకం జబూరే కదా? జబూర్ హజ్రత్ దావూద్‌ది కదా? మరి హజ్రత్ మూసా పేరెందుకు వచ్చింది?"

మాకు జవాబు తెలియదు. ఇంటికి నడిచి వస్తుంటే వాడు మళ్ళీ అదే అడిగాడు. మాతోపాటు నడుస్తున్న ఒక పెద్దమనిషి "అవన్నీ మార్చేసిన పుస్తకాలురా, మనకెందుకు ఆ గొడవ" అని గద్దించారు. వాడు తలొంచుకుని నడిచాడు. మేము వారికి అడ్డు చెప్పలేదు, మనవడికి నచ్చజెప్పనూ లేదు, నోరు మూసుకుని ఊరుకున్నాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మార్చేశారు అంటే ఏది మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎవరు మార్చారు? ఆ పిల్లవాడు ఎదురు తిరిగి అడిగి ఉంటే మా ఇద్దరిలో ఎవరి దగ్గరా ఒక్క ముక్క లేదు. తెలియనితనాన్ని కోపంతో కప్పేసుకున్నామన్న మాట. అందుకని ఏడాదిపాటు దొరికిన పుస్తకాలన్నీ చదివాము. వాడికి చెప్పవలసిన జవాబును మీ అందరి ముందూ చెబుతున్నాము.

ముందు ఒక గీత గీసుకుందాం. అల్లాహ్ హజ్రత్ దావూద్‌కు (అలైహిస్సలాం) జబూర్‌ను ప్రసాదించాడన్నది మన ఈమాన్. ఖురాన్‌లో ఆ మాట అన్నిసా సూరాలోనూ, బనీ ఇస్రాయీల్ సూరాలోనూ ఉన్నది. అంబియా సూరాలో మరొక విశేషం: భూమికి సజ్జనులే వారసులవుతారన్న మాట జబూర్‌లో వ్రాయబడి ఉన్నదని అందులో కలదు. నేడు యూదుల దగ్గర, క్రైస్తవుల దగ్గర ఉన్న కీర్తనలలో 37వ దానిలో అదే భావం కనబడుతుంది. అయితే ఇప్పుడు వారి చేతుల్లో ఉన్న 150 కీర్తనల పుస్తకం యావత్తూ దావూద్‌కు అవతరించిన జబూరేనా అన్నది వేరే ప్రశ్న. ఆ పుస్తకం ఎట్లా పుట్టింది, ఎవరెవరు వ్రాశారు అన్నది చరిత్ర. చరిత్రను చరిత్ర పద్ధతిలోనే అడగాలి. ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవడం వల్లనే మనం పిల్లల్ని గద్దించవలసి వస్తున్నది.

పేర్లతో మొదలుపెడదాం. హెబ్రూలో ఈ పుస్తకాన్ని 'తెహిల్లీమ్' అంటారు, అంటే స్తుతులు. ఒక్కొక్క కీర్తన మీద తరచుగా కనిపించే మాట 'మిజ్మోర్', అంటే వాద్యంతో పాడే పాట. యాభై ఏడు కీర్తనల మీద ఈ మాట ఉన్నది. అరబ్బీ తెలిసిన వారికి ఇది వినగానే 'మిజ్మార్', 'మజామీర్' గుర్తుకు రావాలి. ధాతువు ఒకటే. అరబ్బు క్రైస్తవులు నేటికీ ఈ పుస్తకాన్ని 'మజామీర్' అనే పిలుస్తారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ ఖురాన్ పఠనం విని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) దావూద్ వంశంవారి మిజ్మార్‌తో ఆ కంఠాన్ని పోల్చారన్న హదీసు మీరందరూ విన్నదే. 'జబూర్' అన్న మాటను మాత్రం మన నిఘంటుకారులు వ్రాత అన్న అర్థం గల వేరే ధాతువుతో ముడిపెట్టారు. ఒకటి పాటను సూచిస్తే మరొకటి వ్రాతను సూచిస్తుంది. ఈ పుస్తకం కథంతా ఆ రెంటి మధ్యనే నడిచింది. మొదట నోటి పాట, తర్వాత చేతివ్రాత.

ఇక పుస్తకం లోపలికి. 150 కీర్తనలను అయిదు భాగాలుగా విభజించారు. తౌరాత్ అయిదు గ్రంథాలకు సరితూగేటట్లు ఇది కూడా అయిదుగా పేర్చారని యూదుల పూర్వ పండితులే అన్నారు. ప్రతి భాగం చివరా దైవస్తుతి ఉంటుంది. రెండవ భాగం చివర, అంటే 72వ కీర్తన తుదిలో, దావూద్ ప్రార్థనలు ఇక్కడితో ముగిశాయన్న అర్థంలో ఒక మాట ఉన్నది. మరి ముగిస్తే అక్కడితో అయిపోవాలి కదా? 86లో దావూద్ పేరు మళ్ళీ వస్తుంది, 101లో వస్తుంది, 138 నుంచి 145 దాకా వరుసగా వస్తుంది. దీన్నిబట్టి ఒకనాడు 72తో ఆగిపోయిన సంకలనం ఒకటి ఉండేదని, తర్వాతివారు దానికి మరికొన్ని చేర్చారని తెలుస్తూనే ఉన్నది. ఇంటికి గదులు కలుపుకుంటూ పోతే పాత వీధిగోడ నట్టింట్లో నిలబడిపోయినట్లు ఆ వాక్యం అక్కడ నిలిచిపోయింది.

ఒకే కీర్తన రెండుసార్లు రావడమూ ఉన్నది. 14, 53 దాదాపు ఒకటే. భేదమల్లా దేవుణ్ణి పిలిచే పేరులో. 42 నుంచి 83 వరకు ఉన్న కీర్తనల్లో 'ఎలోహీమ్' అన్న పేరే ఎక్కువ, మిగతా చోట్ల యూదులు నోట పలకని ఆ నాలుగక్షరాల పేరు ఎక్కువ. ఒక ఊరివాళ్ళు ఒక పేరుతో, మరో ఊరివాళ్ళు మరో పేరుతో పాడుకున్న రెండు సంపుటాలను తెచ్చి కుట్టినట్లున్నది. 108వ కీర్తనైతే 57లో సగం, 60లో సగం కలిపి చేసినదే.

మావాడి ప్రశ్నకు అసలు జవాబు శీర్షికల్లో ఉన్నది. హెబ్రూ ప్రతిలో దావూద్ పేరున్న కీర్తనలు 73. అంటే సగానికి కొంచెం తక్కువ. ఆసాఫ్ పేరున 12, కోరహు కుమారుల పేరున దాదాపు అన్నే, హజ్రత్ సులైమాన్ పేరున రెండు, హేమాన్, ఏతాన్ అనేవారి పేర్లతో ఒక్కొక్కటి, హజ్రత్ మూసా పేరున ఒకే ఒక్కటి. ఆ ఒక్కటే మాస్టారి సమాధి దగ్గర చదివిన తొంభయ్యోది. ఏ పేరూ, ఏ శీర్షికా లేనివి 34. కాబట్టి యూదుల పుస్తకం తనంతట తానే 'నేను మొత్తం దావూద్‌దాన్ని' అని ఎక్కడా చెప్పుకోలేదు. ఆ మాట జనం నోట పుట్టింది. వారి తాల్ముద్‌లో కూడా దావూద్ ఈ పుస్తకాన్ని పదిమంది పెద్దల సాయంతో వ్రాశాడని ఉన్నది. ఆ పదిమందిలో హజ్రత్ ఆదం, హజ్రత్ ఇబ్రాహీం, హజ్రత్ మూసా కూడా ఉన్నారు!

మళ్ళీ ఆ 73లో కూడా ఒక చిక్కున్నది. హెబ్రూలో అక్కడ ఉన్నది 'లె-దావిద్' అన్న మాట. ఆ 'లె' అన్న ఒక్క అక్షరం మన అరబ్బీ 'లి' వంటిదే. 'దావూద్ వ్రాసిన' అని అర్థం కావచ్చు, 'దావూద్ కొరకు' అని కావచ్చు, 'దావూద్‌ను గూర్చి' అని కావచ్చు, 'దావూద్ సంపుటంలోనిది' అని కూడా కావచ్చు. మసీదు తలుపు మీద ఫలానావారి పేరు చెక్కి ఉంటే ఆయన కట్టించాడో, ఆయన జ్ఞాపకార్థం ఎవరైనా కట్టించారో ఆ పేరొక్కటే చూసి చెప్పలేము కదా.

పదమూడు కీర్తనల శీర్షికల్లో దావూద్ జీవితంలోని ఏ సందర్భంలో పాడినదో కూడా వ్రాసి ఉన్నది. ఇవి తర్వాతివారు చేర్చినవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కారణం చూడండి. 34వ కీర్తన శీర్షికలో దావూద్ పిచ్చివాడిలా నటించి ఒక రాజు దగ్గర నుంచి తప్పించుకున్న సంగతి చెబుతూ ఆ రాజు పేరు అబీమెలెకు అన్నారు. అదే కథ సమూయేలు గ్రంథంలో చదివితే రాజు పేరు ఆకీషు. అలాగే 30వ కీర్తన మందిర ప్రతిష్ఠ పాట అని, దావూద్‌దని రెండూ ఉన్నాయి. మందిరాన్ని కట్టించినది సులైమాన్, తండ్రి కాలంలో అది లేదు.

ఇక్కడ మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఒకటి చెప్పి తీరాలి. కోరహు కుమారులు అన్నామే, ఆ కోరహు ఎవరనుకున్నారు? మూసా మీద తిరగబడితే భూమి నోరు తెరచి మింగేసిన వాడని తౌరాత్ గ్రంథాలు చెబుతాయి. అదే మన ఖసస్ సూరాలోని ఖారూన్. ఇల్లూ వాకిలితో సహా భూమిలోకి దిగబడిపోయిన ఖారూన్ సంతానమే జెరూసలేం మందిరంలో తరతరాలుగా పాటలు పాడే గాయకులయ్యారట! కోరహు కుమారులు చావలేదని సంఖ్యాకాండంలో ఒక చిన్న వాక్యం పనిగట్టుకుని చెబుతుంది. కల్పనేమోనని అనుకోవడానికి కూడా లేదు. దక్షిణాన అరద్ అనే చోట పాత కోటను త్రవ్వినప్పుడు దొరికిన క్రీ.పూ. 8వ శతాబ్ది నాటి ఒక మట్టిపాత్ర మీద కోరహు కుమారులన్న మాట హెబ్రూలో కనబడింది. అట్టి పేరు గల వంశం ఒకటి నిజంగానే ఉండేది. అట్లాగే బాబిలోన్ చెర నుంచి తిరిగి వచ్చినవారి జాబితాలో ఆసాఫ్ వంశపు గాయకులు 128 మంది అని ఎజ్రా గ్రంథంలో లెక్క ఉన్నది. మన దర్గాల దగ్గర ఖవ్వాలీ ఇళ్ళు తాత నుంచి మనవడికి వచ్చినట్లే వారికీ పాట వంశవృత్తి. ఆసాఫ్ పేరున్న 12 కీర్తనలూ ఒకే ఆసాఫ్ వ్రాసి ఉండనక్కరలేదు, ఆ ఇంటివారు తరతరాలుగా కట్టినవైనా కావచ్చు. మందిరం ధ్వంసం కావడాన్ని తలచుకుని ఏడ్చే 74, 79 కీర్తనలు ఆ ఇంటివే. ఆ మందిరం బాబిలోన్ సేనల చేతిలో కూలింది క్రీ.పూ. 586 ప్రాంతంలో. దావూద్ కాలం క్రీ.పూ. 1000 ప్రాంతం. నాలుగు వందల సంవత్సరాల అంతరం.

137వ కీర్తన మరీ స్పష్టం. చెరలో బాబిలోన్ నదుల గట్టున కూర్చుని సొంత ఊరిని తలచుకుని ఏడ్చినవారి పాట అది. వాద్యాలు చెట్లకు తగిలించి, శత్రువులు పాడమంటే పాడలేక కుమిలిపోయినవారు. హెబ్రూలో దీని మీద ఎవరి పేరూ లేదు. అయితే గ్రీకు భాషలోకి అనువదించినప్పుడు దీని నెత్తిన కూడా దావూద్ పేరే పెట్టేశారు! దావూద్ ముందే దివ్యదృష్టితో చూసి పాడాడని తాల్ముద్ సమర్థించింది. పెద్ద పేరుకు అటువంటి ఆకర్షణ ఉంటుంది. ఉమర్ ఖయ్యామ్ రుబాయీల సంగతి చూడండి. ఆయన పేరున చెలామణీ అవుతున్న వాటిలో 82 రుబాయీలు వేరే కవుల దీవాన్లలో కూడా ఉన్నాయని 1897లో జుకోవ్‌స్కీ అనే రష్యా పండితుడు లెక్క తేల్చాడు. మన వేమన పేరు మాత్రం తక్కువా? బ్రౌను దొర 1829లో అచ్చువేసినప్పుడు లేని పద్యాలు ఇప్పుడు ఎన్ని వేమనవైపోయాయో!

ఈ పరిశోధన అంతా ఇటీవల యూరపువాళ్ళు మొదలుపెట్టిన గొడవ అనుకునేవారు ఉన్నారు. మేమూ అలాగే అనుకున్నాము. కానీ దీని బీజం పడినది ముస్లిముల ఏలుబడిలో, అరబ్బీ చదువుల గాలి పీల్చినచోట. బాగ్దాదులో 942లో చనిపోయిన సాదియా అనే యూదు మహాపండితుడు కీర్తనలను అరబ్బీలోకి అనువదించి వ్యాఖ్య వ్రాశాడు. మొత్తం దావూద్‌కు వచ్చిన దివ్యవాణే అని, మిగతా పేర్లన్నీ పాడినవారివేనని ఆయన వాదం. దానికి జవాబు అందలూసియా నుంచి వచ్చింది. 11వ శతాబ్దిలో అక్కడ మోషే ఇబ్న్ చికిటిల్లా అనే పండితుడు అరబ్బీలోనే వ్యాఖ్య వ్రాసి, ఇవి మనుషులు దేవుణ్ణి వేడుకున్న ప్రార్థనలే గాని దైవం పలికిన మాటలు కావని, కొన్ని బాబిలోన్ చెర కాలానివని ధైర్యంగా అన్నాడు. 12వ శతాబ్దిలో అబ్రహాం ఇబ్న్ ఎజ్రా ఈ రెండు పక్షాలనూ తన వ్యాఖ్య ఆరంభంలోనే వివరించాడు. 51వ కీర్తన దావూద్ పశ్చాత్తాపంతో ఏడ్చినదని ప్రసిద్ధి కదా. దాని చివరి రెండు వచనాల్లో జెరూసలేం గోడలు కట్టమని వేడికోలు ఉన్నది. దావూద్ కాలంలో గోడలు కూలలేదే! బాబిలోన్‌లో ఉన్న భక్తుడెవడో ఆ రెంటినీ చేర్చాడని స్పెయిన్ పండితుడొకరు అన్నారని ఇబ్న్ ఎజ్రా వ్రాశాడు. ఎనిమిది వందల యేండ్ల క్రితం మాట ఇది. ఆయన భక్తికేమీ లోటు రాలేదు.

కీర్తనలకూ అరబ్బీకీ బంధం ఇంకా పాతది. కార్డోబాలో హఫ్స్ అల్-ఖూతీ అనే క్రైస్తవుడు 889లో కీర్తనలన్నిటినీ అరబ్బీ రజజ్ ఛందస్సులో పద్యాలుగా మార్చాడు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదు ప్రాంగణంలోని ఖుబ్బతుల్ ఖజానాలో 1900 ప్రాంతంలో ఒక చర్మపత్రం దొరికింది. ఒకవైపు 78వ కీర్తన గ్రీకులో, పక్కన అదే అరబ్బీలో. ఆ అరబ్బీని వ్రాసింది గ్రీకు లిపిలో! మన ఉర్దూను తెలుగు లిపిలో వ్రాసుకునే పిల్లల్ని చూసి పెద్దలు విసుక్కుంటారు గాని ఆ అలవాటు కొత్తదేమీ కాదు.

మన వాళ్ళలో కూడా 'జబూర్' పేరుతో అరబ్బీ వ్రాతప్రతులు తిరిగాయి. నూరు సూరాలుగా ఉంటాయి. మొదట్లో రెండు మాత్రం యూదుల 1, 2 కీర్తనలను పోలి మొదలవుతాయి. ఆ తర్వాత పూర్తిగా వేరు: అల్లాహ్ దావూద్‌కు హితవు చెబుతున్నట్లు, దునియాను నమ్మకు, ఆఖిరత్‌ను మరవకు అన్న ధోరణిలో సాగుతాయి. ఏ ముస్లిం భక్తుడో, భక్తులో వ్రాసినవి. అంటే దావూద్ పేరు నీడలో కూర్చుని వ్రాయడం ఒక్క యూదులే చేసిన పని కాదు.

ఇంతకీ ఈ కవిత్వం ఎంత పాతది? 1928లో సిరియా తీరాన రాస్ షమ్రా దగ్గర ఒక రైతు నాగలికి రాయి తగిలి పాత సమాధి బయటపడింది. మరుసటి యేడు ఫ్రెంచివారు త్రవ్వగా ఉగారిత్ అనే మహానగరం లేచింది. క్రీ.పూ. 1200 ప్రాంతంలో నాశనమైన ఊరు. అక్కడి మట్టిపలకల మీద బాల్ అనే ఉరుముల దేవత మీది పాటలు దొరికాయి. భాష హెబ్రూకు దగ్గర చుట్టం, పదాల జంటలు, పోలికలు, పాదాల కూర్పు కూడా చాలాచోట్ల ఒకటే. 29వ కీర్తనలో దైవస్వరం ఏడుసార్లు ఉరుములా మ్రోగుతుంది. ఉరిమేది లెబనాను కొండల మీద, జెరూసలేం ఊసే లేదు. ఇది కనానీయుల పాత పాటను తౌహీద్‌కు మలచినదని 1930ల దశకంలో గిన్స్‌బర్గ్ అనే పండితుడు అన్నాడు. బుతుల పాటను లాక్కుని ఒక్కడైన ప్రభువుకు అర్పించారన్న మాట. 104వ కీర్తనకూ, ఈజిప్టు రాజు అఖ్‌నాతోన్ కాలపు సూర్యస్తోత్రానికీ పోలికలున్నాయని కూడా చాలాకాలంగా చెబుతున్నారు. నేరుగా తీసుకున్నారనడానికి ఋజువు లేదు. పాటలు బాటసారుల వెంట నడిచిపోతాయి, వాటికి పాస్‌పోర్టు అక్కరలేదు.

కూర్పు గురించి రెండు మాటలు. హెబ్రూ కవిత్వంలో మన గజల్ వంటి రదీఫ్, ఖాఫియా లేవు. ఒక పాదంలో చెప్పినదాన్ని రెండో పాదంలో మరో మాటలతో చెప్పడమే వారి లయ. 'వాన వచ్చింది' అని ఒక పాదంలో అంటే 'మేఘం కరిగింది' అని రెండో పాదం అందుకుంటుంది. ఈ జంటపాదాల రహస్యాన్ని ఆక్స్‌ఫర్డులో చేసిన ఉపన్యాసాల్లో రాబర్ట్ లౌత్ వివరించి 1753లో అచ్చువేశాడు. అందుకే ఈ కీర్తనలు ఏ భాషలోకి పోయినా సగం అందం వెంట వస్తుంది. గజల్ పాపం భాష మారితే సగం చచ్చిపోతుంది.

అక్షరక్రమంలో కట్టినవి కూడా ఉన్నాయి. హెబ్రూ అక్షరాలు 22, వరుస మనకు తెలిసిన అబ్జద్ వరుసే. 119వ కీర్తనలో ఒక్కొక్క అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. పుస్తకంలో అతి పొడుగైనది అదే. ఇది గొంతెత్తి ఒక్క ఊపున పాడినది కాదు, కలం పట్టుకుని కూర్చుని కట్టినదని చూడగానే తెలుస్తుంది. 145వ దానిలో మాత్రం 'నూన్' అక్షరపు వచనం మాయమైంది. దాని సంగతి ఇప్పుడే చెబుతాము.

1947లో మృతసముద్రం ఒడ్డున ఖుమ్రాన్ గుహల్లో పాత చర్మపుచుట్టలను మొదట చూసినది 'తోడేలు' అన్న మారుపేరు గల ముహమ్మద్ అనే బదూ గొర్రెల కాపరి. 1956లో బదూలకే పదకొండవ గుహలో కీర్తనల చుట్ట దొరికింది. 1965లో శాండర్స్ అనే అమెరికా పండితుడు దాన్ని ప్రకటించాడు. రెండు వేల యేండ్ల నాటి ప్రతి. అందులో కీర్తనల వరుస ఇప్పటి వరుసలా లేదు, ఇప్పటి పుస్తకంలో లేని పాటలు కొన్ని ఉన్నాయి. 145వ దానిలో పోయిన 'నూన్' వచనం ఉన్నది. గ్రీకు ప్రతిలో ఉంటూ వచ్చిన 151వ కీర్తనకు హెబ్రూ మూలం అందులో దొరికింది. మరొక చిత్రం: దావూద్ ఎన్ని వ్రాశాడో అందులో లెక్క ఉన్నది. కీర్తనలు 3600, రోజుకొకటి చొప్పున 364, సబ్బాతులకు 52, పండుగలకు 30, బాధితుల కోసం 4, వెరసి 4050! లెక్క కూడితే సరిగ్గా సరిపోతుంది, మేము కాగితం మీద వేసి చూశాము. కానీ దీన్నిబట్టి తేలేదేమిటి? ఆనాటికే దావూద్ పేరు కొండంతగా పెరిగిందని, పుస్తకం రూపం మాత్రం ఇంకా అన్ని చోట్లా గట్టిపడలేదని.

పేరు వదిలేసి పాట పనిని చూడమని చెప్పినవాడు జర్మనీలో హెర్మన్ గుంకెల్. 1932లో చనిపోయాడు. ఆయన పద్ధతి మనకు సులభంగా అర్థమవుతుంది. కవి పేరు తెలియకపోయినా ఇది హమ్ద్, ఇది మునాజాత్, ఇది మర్సియా అని రెండు చరణాలు వినగానే చెప్పలేమా? ఆయన కీర్తనలను అలా విడదీశాడు: స్తుతులు, మొరలు, కృతజ్ఞతలు, రాజుల పాటలు. వాటిలో ఎక్కువ మొరలేనట. రోగి మొర, అబద్ధపు సాక్ష్యంతో చిక్కుకున్నవాడి మొర, స్నేహితుడే వెన్నుపోటు పొడిచినవాడి మొర. నార్వే పండితుడు మొవింకెల్ ఇంకో అడుగు వేసి, ఇవి ఒంటరిగా కూర్చుని వ్రాసుకున్నవి కావు, మందిరంలో ఆరాధన కోసం కట్టినవి అన్నాడు. ఆయన ఊహించిన నూతన సంవత్సరపు సింహాసన పండుగను చాలామంది ఒప్పుకోలేదు, మాకూ అది కాస్త ఎక్కువనిపించింది. కాని మందిరం సంగతి నిజమే. రోగంతో వచ్చినవాడికి సొంతమాటలు కట్టడం రాదు. ఆసాఫ్ ఇంటివాడో, కోరహు ఇంటివాడో పాతమాటలను అందిస్తే వాడు వాటితో ఏడ్చేవాడు. వేలమంది అలా ఏడ్చి ఏడ్చి ఆ మాటలు నునుపుదేరాయి.

ఇంతకీ దావూద్ ఏమీ వ్రాయలేదా అంటారా? అలా అనడం కూడా తొందరపాటే. ఒకప్పుడు దావూద్ అనే రాజే లేడన్నవారు ఉండేవారు. 1993లో తెల్ దాన్‌లో దొరికిన క్రీ.పూ. 9వ శతాబ్ది శిలాశాసనంలో దావూద్ వంశం అన్న మాట కనిపించాక ఆ వాదం చాలావరకు బలహీనపడింది. ఆయన వాద్యం వాయించేవాడని, సౌలు, యోనాతాను యుద్ధంలో చనిపోతే శోకగీతం పాడాడని సమూయేలు గ్రంథం చెబుతుంది. 18వ కీర్తన సమూయేలు గ్రంథంలో కూడా ఉన్నది, అందులోని భాష పాతది. ఆ పాట ఆయనదే అని ప్రమాణం చేయలేము, కాదని కొట్టివేయనూ లేము. మా ఉద్దేశంలో దావూద్ ఆ సంప్రదాయానికి విత్తనం. చెట్టు మాత్రం కొన్ని వందల యేండ్లు పెరిగింది. పాదులో నీళ్ళు పోసినవారు చాలామంది, వారి పేర్లు ఆ 150 కీర్తనల్లో సగం చోట్ల కూడా లేవు.

ఆ పేరులేని పాటల్లో ఒకదాన్ని తాల్ముద్‌లో 'అనాథ' అని పిలిచారు. హెబ్రూలో అనాథను 'యాతోమ్' అంటారు. మన 'యతీమ్' అదే మాట. తల్లీ తండ్రీ తెలియని పాట అని. ఈ సంగతి చదివిన రోజు మేము మన సంఘం యతీంఖానా లెక్కలు చూస్తున్నాము. పిల్లల పేర్ల పక్కన తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నవి నాలుగు కనిపించాయి. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాము.

మా మనవడి సంగతి చెప్పి ముగిస్తాము. పోయిన నెలలో వాణ్ణి పిలిచి ఇదంతా చెప్పాము, ఇంకా వివరంగానే. మాస్టారి కొడుకు తన తండ్రిగారి బైబిలు మాకు చదువుకోవడానికి ఇచ్చాడు. తొంభయ్యో కీర్తన ఉన్న పేజీ తీసి, మూసా పేరున్న చోటు చూపించాము. ఆ పేజీ అంచున పెన్సిలుతో ఒక తారీఖు వేసి ఉన్నది. మావాడు అదేమిటని అడిగాడు. మాకు తెలుసు, అది మాస్టారి భార్య పోయిన రోజు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఇది మూసావారే వ్రాశారా దాదా?" అన్నాడు. భాషను చూసి చాలా తర్వాతి కాలానిదని ఎక్కువమంది పండితులు అంటున్నారని చెప్పాము. ఆ రోజు దారిలో నిన్ను గద్దిస్తుంటే మేము ఊరుకోవడం తప్పేనని కూడా చెప్పాము. వాడు సిగ్గుపడి లేచి వెళ్ళిపోయాడు.

బైబిలు ఇంకా మా బల్ల మీదే ఉన్నది. వచ్చే ఆదివారం మాస్టారి అబ్బాయికి తిరిగి ఇచ్చేయాలి. మావాడు తానూ వస్తానన్నాడు. కీర్తనల మధ్య మధ్య 'సెలా' అని డెబ్బై ఒక్కసార్లు వస్తుందట, అదేమిటో పాస్టరుగారిని అడుగుతాడట. వెళ్ళి అడగమన్నాము.